ముప్పావు క్వార్టర్

ముందుగా ఒక మాట. ఇది బీరు గురించి. మందు మాట వినగానే మొహం చిట్లించేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు, నేనేమీ అనుకోను. "అయితే ఎన్ని లేపారు గురూ?" అని అడిగేవాళ్ళు కూడా ఆగిపోవచ్చు, ఎందుకంటే ఇందులో ఉన్నది ఒకే ఒక్క సీసా, దాన్నీ నలుగురం పంచుకున్నాం. ఈ ఇద్దరికీ మధ్యలో ఉన్నవాళ్ళు రండి, కూర్చోండి.

ఆ సీసా పేరు మోదిత్. ఫ్రెంచి మాట. శాపం తగిలినది అని అర్థం. మన ఇళ్ళలో అమ్మమ్మలు తిట్టే 'పాపిష్టిది' దానికి దగ్గరగా ఉంటుందనుకుంటా. కెనడాలో క్యుబెక్ రాష్ట్రంలో, మాంట్రియల్‌కి దగ్గర్లో షాంబ్లీ అని ఒక ఊరుంది. అక్కడి యూనిబ్రూ వాళ్ళు 1992లో మొదలుపెట్టిన బీరు ఇది. ఆల్కహాలు 8 శాతం. చేసే పద్ధతి మాత్రం బెల్జియం వాళ్ళది. ఆ కంపెనీ పెట్టినవాళ్ళలో ఆంద్రే దియోన్ వ్యాపారస్తుడు, తర్వాత చేరిన రొబేర్ షార్లెబోవా క్యుబెక్‌లో పెద్ద పేరున్న గాయకుడు. 2004లో కెనడాకే చెందిన స్లీమన్ దాన్ని కొనేసింది, 2006లో ఆ స్లీమన్ని జపాన్ సప్పొరో కొనేసింది. అంటే బెల్జియం పద్ధతిలో, ఫ్రెంచి పేరుతో, కెనడాలో తయారై, జపాన్ వాళ్ళ చేతిలో ఉన్న బీరన్నమాట. కంపెనీ మారినా బ్యాడ్జి మారిందే తప్ప సీటు మారని మనలాంటివాళ్ళకి ఇదేం వింత కాదు లెండి.

సీసా మీద బొమ్మ చూడండి. ఆకాశంలో ఎగురుతున్న పడవ, అందులో తెడ్లేస్తున్న మనుషులు, వెనకాల మంటల రంగు. ఇది క్యుబెక్ వాళ్ళ జానపద కథ, షాస్-గాలరీ అంటారు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఒనోరే బోగ్రాన్ అనే రచయిత రాసిన రూపంలో బాగా ప్రచారమైంది. చలికాలమంతా అడవిలో చెట్లు కొట్టే కూలీలు. ఇల్లు వందల మైళ్ళ దూరం. కొత్త సంవత్సరం ముందు రాత్రి, ఒక్కసారి ఊరెళ్ళి తమవాళ్ళని చూసి తెల్లారేలోపు తిరిగి రావాలని దెయ్యంతో బేరం కుదుర్చుకుంటారు. పడవ గాల్లో ఎగురుతుంది. షరతులు రెండు: దారిలో దేవుడి పేరెత్తకూడదు, చర్చి మీది శిలువకి పడవ తగలకూడదు. తప్పితే ఆత్మలు దెయ్యానివి. వెళ్ళేటప్పుడు బాగానే వెళ్తారు. తిరుగు ప్రయాణంలో తెడ్డుపట్టి దారి చూపాల్సినవాడు పూటుగా తాగి ఉంటాడు, పడవ అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది. ఆ తర్వాత ఏమైందన్నది ఎవరు చెప్పే కథని బట్టి మారుతుంది.

డిసెంబరులో ఇండియా టికెట్టు దొరక్క, దొరికినా సెలవు దొరక్క, రెండూ దొరికినా వీసా స్టాంపింగుకి భయపడి ఆగిపోయినవాళ్ళు ఆ బేరం ఎందుకు కుదుర్చుకున్నారో చెప్పకుండానే అర్థం చేసుకోగలరు. నాకు ఈ బీరు మీద మొదట ఆసక్తి కలిగింది రుచి చూసి కాదు, ఈ కథ విని.

సరే, అసలు రుచి సంగతికొద్దాం.

మనకి బీరంటే చల్లగా ఉండాలి. ఎంత చల్లగా అంటే పళ్ళు జివ్వుమనాలి. ఆ లెక్కన దీన్ని తాగితే డబ్బులు దండగ. మరీ చల్లగా ఉన్నప్పుడు ముక్కుకి ఏ వాసనా అందదు, నాలుక సగం మొద్దుబారి ఉంటుంది. ఫ్రిజ్‌లోంచి తీసి ఓ ఇరవై నిమిషాలు బల్ల మీద పెట్టేయాలి. 10, 12 డిగ్రీలకి వచ్చాక అప్పుడు మూత తియ్యాలి. పొట్ట వెడల్పుగా, పైన కాస్త మూసుకున్నట్టు ఉండే గ్లాసయితే వాసన లోపలే నిలబడుతుంది. లేకపోతే ఏదైనా వైన్ గ్లాసు చాలు. సీసా అడుగున సన్నటి మడ్డి ఉంటుంది. అది పాడైపోవడం కాదు, ఈస్టు. ఈ రకం బీరుని సీసాలో పోసి మూత పెట్టాక కూడా లోపల ఇంకోసారి పులియనిస్తారు. ఆ గ్యాసంతా అక్కడ పుట్టిందే. అందుకని సీసాని కదపకుండా, గ్లాసు వాల్చి, నెమ్మదిగా పొయ్యాలి.

రంగు కరిగిన బెల్లం పాకంలా ఉంటుంది, ఎర్రగా, కొంచెం మసకగా. పైన రెండు వేళ్ళ మందం నురగ, అది త్వరగా పోదు. ముక్కు దగ్గర పెడితే మొదట వచ్చేది నారింజ తొక్క. దాని వెనకాలే, నేను చెప్తే నవ్వకండి, ధనియాలు! వేయించిన ధనియాలు కాదు, సాంబారు పొడి వాసన అసలే కాదు. చిన్నప్పుడు జ్వరమొస్తే ధనియాలు కచ్చాపచ్చాగా దంచి నీళ్ళలో మరిగించి బెల్లం వేసి ఇచ్చేవాళ్ళే, ఆ కషాయం వాసన. ఆ తర్వాత లవంగం, మిరియం. నోట్లో పోసుకుంటే ముందు రొట్టె పెచ్చులాంటి కమ్మదనం, కొంచెం తీపి ఉన్నట్టే ఉండి మింగేసరికి మాయమైపోతుంది. చివర్లో చిరుచేదు, పిసరంత వగరు. మింగాక గొంతులో వెచ్చగా ఒక గీత దిగుతుంది. ఆ గీత పేరే 8 శాతం.

ఇంగ్లీషులో బీరు రుచుల మీద పుస్తకాలకి పుస్తకాలు రాశారు కానీ, వగరు, ఘాటు, కమ్మదనం అన్న మూడు మాటలు చేతిలో ఉన్న తెలుగువాడు వాళ్ళకంటే తక్కువ పదాల్లో పని కానిచ్చేస్తాడని నా నమ్మకం. మనం ఆ మాటల్ని పచ్చళ్ళకే వాడుకుంటున్నాం, అంతే.

ఇందులో నన్ను బాగా ఆకట్టుకున్న విషయం ఒకటుంది. ధనియాల్లాంటివి వేస్తే వచ్చే వాసన సంగతి సరే. బెల్జియంలో ధనియాలూ, నారింజ తొక్కా బీరులో వేయడం ఎప్పట్నుంచో ఉన్నదే. హూగార్డెన్ అనే ఊళ్ళో గోధుమలతో చేసే తెల్ల బీరు 1950ల్లో పూర్తిగా ఆగిపోతే, పాలు పోసే పని చేసిన పియరె సెలిస్ అనే ఆయన 1960ల్లో దాన్ని మళ్ళీ మొదలుపెట్టాడు. ఆయన వాడింది ఇవే రెండు దినుసులు. 1985లో ఆయన బ్రూవరీ తగలబడింది, తర్వాత అది పెద్ద కంపెనీ చేతిలోకి పోయింది, ఆయన 1990ల్లో టెక్సాస్ ఆస్టిన్ వెళ్ళి మళ్ళీ మొదట్నుంచీ మొదలెట్టాడు. ధనియాలని దంచి, మరగడం చివర్లో కాసేపే వేస్తారు. ముందే వేస్తే వాసనంతా ఆవిరైపోతుంది. చారు దించే ముందు కొత్తిమీర వేసే లెక్కే.

లవంగం సంగతి వేరు. చాలా బెల్జియం బీర్లలో లవంగం వాసన గుప్పుమంటుంది, కానీ వాటిలో లవంగం ముక్క కూడా వెయ్యరు. అది ఈస్టు చేసే పని. బార్లీ, గోధుమ పొట్టులో ఫెరూలిక్ ఆమ్లం అని ఒకటుంటుంది. కొన్ని రకాల ఈస్టులు దాన్ని 4-వైనైల్ గ్వయకాల్‌గా మార్చేస్తాయి. లవంగంలో వాసననిచ్చే యూజెనాల్‌కి ఇది దగ్గరి చుట్టం, అందుకే ముక్కు మోసపోతుంది. కాస్త వేడిగా ఉన్నచోట పులియబెడితే అదే ఈస్టు అరటిపండు వాసననిచ్చే పదార్థాలనీ ఎక్కువగా తయారుచేస్తుంది. తమాషా ఏమిటంటే, మామూలు లాగర్ బీరు చేసేవాళ్ళకి ఈ లవంగం వాసన పెద్ద లోపం. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరులోనే 'చెడు రుచి' అని ఉంది. ఆ వాసన వస్తే బ్యాచ్ మొత్తం పారబోస్తారు. అదే వాసన రాకపోతే బెల్జియం వాడు తలపట్టుకుంటాడు. ఒక టీములో బగ్గు, పక్క టీములో రిక్వైర్‌మెంటు!

మరి వీళ్ళ బీర్లు ఇంత ఘాటుగా ఎందుకుంటాయి? ఆల్కహాలు పెరగాలంటే చక్కెర పెరగాలి. మాల్టు ఒక్కటే పెంచుకుంటూ పోతే బీరు చిక్కటి పానకంలా తయారవుతుంది. బెల్జియం వాళ్ళు అందులో మామూలు చక్కెర కూడా కలుపుతారు. ఈస్టు దాన్ని పూర్తిగా తినేస్తుంది కాబట్టి ఆల్కహాలు పెరుగుతుంది, ఒళ్ళు మాత్రం తేలిగ్గానే ఉంటుంది. తాగేవాడికి అంత ఉందని తెలియదు. 1516లో జర్మనీ బవేరియాలో బీరంటే బార్లీ, హాప్స్, నీళ్ళు మాత్రమేనని శాసనం చేశారు. బెల్జియం ఆ శాసనం కిందికి రాలేదు. హాప్స్ రాకముందు బీరులో వేసే మూలికల పొడిని గ్రూట్ అనేవాళ్ళు. దాని మీద హక్కుతో డబ్బు గడించిన కుటుంబం భవనం బ్రూజ్ నగరంలో ఇప్పటికీ ఉంది, మ్యూజియంగా.

ఇంకో కారణం కూడా చెప్తారు. అది వింటే మనవాళ్ళకి చప్పున మన ఊరు గుర్తొస్తుంది. 1919లో బెల్జియంలో వాండర్వెల్డె చట్టం వచ్చింది. బార్లలో, కెఫేల్లో జిన్నులాంటి ఘాటు సారాయి అమ్మడం నిషేధం. దుకాణంలో కొనాలన్నా ఒకేసారి రెండు లీటర్లు కొనాలి, అంటే రోజుకూలీకి అందదు. ఉద్దేశం మంచిదే. కార్మికుల జీతాలు ఇంటికి చేరకుండా తాగుడుకి పోతున్నాయని. కానీ బీరుని వదిలేశారు. దాంతో ఘాటు కావాలనుకున్నవాళ్ళు ఘాటైన బీరు వైపు మళ్ళారు, చేసేవాళ్ళు చేసిపెట్టారు. వెస్ట్‌మల్లె మఠం వాళ్ళ పేరుపడ్డ 9.5 శాతం ట్రిపెల్ 1934 నుంచీ వస్తోంది. ఆ చట్టం 1980ల దాకా ఉంది. 2016లో బెల్జియం బీరు సంస్కృతిని యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది.

మన దగ్గర 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం, 1997లో సడలింపు. ఆ తర్వాత ఏం పెరిగిందో మీకు తెలుసు. మన వైన్ షాపుల్లో బీరు అడిగితే "స్ట్రాంగా, లైటా?" అని అడుగుతాడు. స్ట్రాంగ్ అంటే 8 శాతం దాకా. అది తాగేవాడు ధనియాల వాసన కోసం తాగడు, ఇచ్చిన డబ్బుకి ఎంత ఎక్కుతుందన్నదే లెక్క. దాన్ని చూసి నవ్వుకుంటాం. కానీ వంద సంవత్సరాల కింద బెల్జియం కూలీ వేసుకున్నది కూడా ఇదే లెక్క కదా! తేడా ఎక్కడంటే, అక్కడ ఆ ఘాటుతో పాటు రుచి కూడా ఉండాలని పట్టుబట్టినవాళ్ళు ఉన్నారు. ఇక్కడ అలా పట్టుబట్టేవాళ్ళు లేరు అనుకునేవాణ్ణి. మా ఫ్రెండు వాళ్ళ నాన్నగారిని కలిసేదాకా.

మావాడిది వరంగల్ వైపు పల్లెటూరు. వాళ్ళ నాన్నగారు ఆరు నెలలకని వచ్చారు. నేను బాబాయ్ గారూ అంటాను. మావాడికి ఈ బీర్ల పిచ్చి బాగా ఎక్కువ. తాగిన ప్రతిదాన్నీ స్ప్రెడ్‌షీట్‌లో ఎక్కిస్తాడు. పేరు, ఊరు, శాతం, రంగు, పదికి మార్కులు. నచ్చిన సీసాల్ని కడిగి అటక మీద వరసగా పెడతాడు, గృహప్రవేశానికొచ్చిన షీల్డుల్లాగా. ఆ రోజు ఈ మోదిత్ 750 మిల్లీలీటర్ల పెద్ద సీసా తీశాడు. నేను, మా ఆవిడ, వాడు, బాబాయ్ గారు. తినడానికి బాబాయ్ గారు ఊర్నుంచి తెచ్చిన సకినాలు.

పక్కకెళ్తున్నాననుకోకండి, సకినాలు దీనికి అద్భుతంగా కుదిరాయి. వాము, నువ్వులు, బియ్యప్పిండి, కారం లేదు. ఇదివరకు ఇలాంటి బీరు పక్కన గుంటూరు కోడి వేపుడు పెట్టి చూశాం. ఆల్కహాలు కారాన్ని ఇంకా మండిస్తుంది, ఆ మంటలో ధనియాలూ లేవు, నారింజా లేదు. సకినం కొరికి ఒక గుక్క తాగితే వాము వాసన, ఈ లవంగం వాసన పాత స్నేహితుల్లా కలిసిపోతాయి.

బాబాయ్ గారు గ్లాసు ఎత్తి చూశారు. వాసన చూశారు. ఒక గుక్క నోట్లో పెట్టుకుని కాసేపు మింగలేదు.

"ఇండ్ల ధనియాలేసిన్రా బిడ్డా?" అన్నారు.

మేము ఇంకా ఆయనకి ఏమీ చెప్పలేదు!

తర్వాత గ్లాసులో పైకొచ్చే బుడగల్ని చూస్తూ, "ఇది ఇంక పులుస్తనే ఉన్నది. పానం ఉన్నది లోపల" అన్నారు. సీసాలో ఈస్టు బతికుండడం గురించి మావాడు నాకు అర్థమయ్యేలా చెప్పడానికి పావుగంట పట్టింది. ఆయనకి ఒక గుక్క పట్టింది. ఇక కల్లు గురించి చెప్పడం మొదలుపెట్టారు. తాటికల్లు వేరు, ఈతకల్లు వేరు. తాటిలో మళ్ళీ పోతుతాటిది వేరు, పండుతాటిది వేరు. పొద్దుగాల దించింది తియ్యగ ఉంటుంది, పగటీలికి పులుపు తిరుగుతుంది, మాపటికి ఘాటు. కుండ కడిగిన గౌడు చేతిని బట్టి కూడా రుచి మారుతుందట. "ఏ చెట్టు కల్లో తాగి చెప్పెటోళ్ళు ఉండె మా ఊర్ల" అన్నారు. వైన్ గురించి ఇలా మాట్లాడితే దానికి డిప్లొమాలున్నాయి. వీళ్ళకి సర్టిఫికెట్టు ఇచ్చేవాళ్ళు లేరు, అంతే తేడా. కల్లు పులియడానికి ఎవరూ ఈస్టు వెయ్యరు. గాలిలోంచీ, కుండలోంచీ వచ్చిందే ఆ పని చేసిపెడుతుంది.

ఇక్కడితో ఆపేస్తే ఇది మంచి కమ్మటి కథ. మన పల్లెటూరి రుచీ, బెల్జియం రుచీ ఒకటే, శుభం. కానీ ఆయన అక్కడ ఆపలేదు.

మా ఆవిడా మావాడూ వంటింట్లో ఉన్నప్పుడు, ఆయన సీసా చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తూ, గొంతు తగ్గించి అడిగారు. "ఇండ్ల ఎంత మత్తుంటది బిడ్డా?"

"ఎనిమిది శాతం బాబాయ్ గారూ."

"శాతాలు నాకెర్క లేదు. మా దిక్కు క్వార్టర్ అంటరు గదా. దాంతోని లెక్క జెప్పు."

టేబుల్ మీద ఉన్న కరెంటు బిల్లు కవరు వెనకాల లెక్క వేశాను. చాలా చిన్న లెక్క, మీరూ వేసుకోండి. ఈ సీసా 750 మిల్లీ, అందులో 8 శాతం అంటే 60 మిల్లీలీటర్ల అచ్చమైన ఆల్కహాలు. మన విస్కీ క్వార్టర్ 180 మిల్లీ, దాని ఘాటు 42.8 శాతం, అంటే 77 మిల్లీలీటర్లు. 60ని 77తో భాగిస్తే 0.78. మామూలు లైట్ బీరు 650 మిల్లీ సీసా 5 శాతం అనుకుంటే 32.5 మిల్లీలీటర్లు. మన స్ట్రాంగ్ బీరు 8 శాతంది 52. అమెరికా లెక్కలో 'ఒక డ్రింకు' అంటే 14 గ్రాముల ఆల్కహాలు. ఈ సీసాలో 47 గ్రాములున్నాయి, అంటే దాదాపు మూడున్నర డ్రింకులు.

"అంటే ముప్పావు క్వార్టర్" అన్నారు ఆయన.

"ముప్పావు కంటే ఒక చుక్క ఎక్కువే."

ఆయన తలెత్తి అటక మీద వరసగా ఉన్న సీసాల వైపు చూశారు. పెద్దవే ముప్పై పైన ఉంటాయి. "గవన్నీ వీడొక్కడే తాగిండా?"

నేనేం చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. మావాడు పల్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడే ఉన్నాడు, విన్నాడు.

ఆయన అరవలేదు. కూర్చోమని సైగ చేసి, తమ్ముడి సంగతి చెప్పారు. వాళ్ళ తమ్ముడు కూడా కల్లు తాగి ఏ చెట్టుదో చెప్పేవాడట. అందరూ మెచ్చుకునేవాళ్ళట. తర్వాత గుడుంబాకి మళ్ళాడు. నలభై రెండేళ్ళకి పోయాడు. "రుచి దెల్వక పోలే బిడ్డా వాడు. రుచి దెలిసే పోయిండు" అన్నారు. మావాడికి ఆ బాబాయి చనిపోయాడని తెలుసు కానీ, ఈ మొదటి సగం ఎప్పుడూ ఎవరూ చెప్పలేదట.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఎందుకంటే మనలాంటివాళ్ళ మధ్య ఒక నమ్మకం బాగా పాతుకుపోయింది. క్వార్టర్ కొట్టేవాడు తాగుబోతు, బెల్జియం బీరు తాగేవాడు రసికుడు. పేపర్ కవర్లో చుట్టుకుని తెచ్చుకున్నది వ్యసనం, తులిప్ గ్లాసులో పోసుకున్నది హాబీ. 'తాగుతున్నాం' అనం, 'టేస్ట్ చేస్తున్నాం' అంటాం. కానీ లివర్‌కి గ్లాసు ఆకారం తెలీదు. దానికి చేరేది 60 మిల్లీలీటర్లా, 77 మిల్లీలీటర్లా అన్నదొక్కటే. తాగడానికి సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో తేల్చి చెప్పింది. బెల్జియంలోనే డెలీరియం ట్రెమెన్స్ అని 8.5 శాతం బీరుంది, లేబుల్ మీద గులాబీ రంగు ఏనుగు. తాగుడు బాగా ముదిరినవాడు హఠాత్తుగా మానేస్తే వచ్చే ప్రమాదకరమైన స్థితికి డాక్టర్లు వాడే పేరు అది! వాళ్ళు హెచ్చరికనే పేరుగా పెట్టారు, మనం బొమ్మ బావుందని టీ షర్టు కొనుక్కుంటాం.

పోనీ కల్లే మేలు, అది మనది, సహజం అనేవాళ్ళుంటారు. చెట్టు మీంచి దించినది అయితే సరే. కానీ పట్నంలో కల్లు కాంపౌండులో పోసేది చెట్టుదేనని ఎవరు చెప్పగలరు? మత్తు మందులు కలిపిన కల్లు తెలంగాణలో ఎప్పట్నుంచో ఉన్న సమస్యే. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో అలాంటి కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. రుచి తెలిసినవాళ్ళు లేకుండా పోతే కల్తీ చేసేవాడి పని సులువవుతుంది, నిజమే. కానీ రుచి తెలియడం ఒక్కటే ఎవర్నీ కాపాడదు. బాబాయ్ గారి తమ్ముణ్ణి కాపాడలేదు.

అలాగని నేను 'మానెయ్యండి' అని ముగించబోవడం లేదు. అది నేను చెప్పే మాట కాదు, చెప్తే నమ్మే మాటా కాదు. ఆ రోజు మోదిత్ బావుంది. చాలా బావుంది. నా వాటా 187 మిల్లీలీటర్లు, అంటే 15 మిల్లీలీటర్ల ఆల్కహాలు, ఒక డ్రింకు కంటే కొంచెం తక్కువ. ముప్పావు గంట పట్టింది తాగడానికి. గ్లాసులో ఉన్నంతసేపూ మాటలున్నాయి. ధనియాల్ని పసిగట్టిన ఆ పెద్దాయన మొహంలో మెరుపుంది. అవన్నీ నిజమే. ఆ మెరుపూ, ఆ కవరు వెనకాల లెక్కా రెండూ నిజమే. ఒకటి ఉందని రెండోది కొట్టేయడానికి వీల్లేదు. ఇంత ఘాటైన బీరుని పెద్ద సీసాలో పోసి అమ్మేది నలుగురు కూర్చుని పంచుకోవడానికని నేననుకుంటున్నాను. నలుగురు దొరకనప్పుడు ఆ సీసా మూత తియ్యడానికి కారణం రుచి కాకపోవచ్చు. అది ఎవరికి వాళ్ళు చూసుకోవాల్సిన విషయం.

మావాడి సంగతి అడుగుతారేమో. ఆ మర్నాడు వాడు తన స్ప్రెడ్‌షీట్‌లో కొత్త కాలమ్ ఒకటి పెట్టాడు. సీసా పరిమాణం ఇంటూ శాతం, మిల్లీలీటర్లలో. పాత ఎంట్రీలన్నిటికీ ఫార్ములా లాగాడు. కింద మొత్తం ఎంతొచ్చిందో నాకు చెప్పలేదు, నేను అడగలేదు. అటక మీద సీసాలు మాత్రం ఇప్పుడు లేవు. బాబాయ్ గారు వెళ్ళేలోపు తీయించారో, వాడే తీసేశాడో తెలీదు.

బాబాయ్ గారు వెళ్ళేముందు నాకో పని అప్పజెప్పి వెళ్ళారు. ఆయన చెప్పిన కల్లు పేర్లు, ఏ నెలలో ఏ చెట్టు ఇస్తుందో, ఏ పూట ఎలా మారుతుందో రాసి పెట్టమన్నారు. "తాగుమని గాదు, పేర్లన్న ఉండాలె" అన్నారు. రెండు పేజీలయ్యాయి, ఇంకా చాలా ఖాళీలున్నాయి. కోస్తాలోనూ, రాయలసీమలోనూ వేరే పేర్లుంటాయి కదా. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉంటే, తాటికల్లుకీ ఈతకల్లుకీ రుచిని బట్టి ఏమేం పేర్లనేవాళ్ళో ఓసారి అడిగి నాకు చెప్పండి.